తిరిగొచ్చిన వెయ్యి రూపాయలు

కశ్మీర్‌లో పహల్గాం ఉగ్రదాడి జరిగి వారం కూడా కాలేదు. 2025 ఏప్రిల్ చివరి రోజులు. మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పై అంతస్తులో ఉండే పెద్దాయన ఒక సాయంత్రం ఫోన్ పట్టుకుని మా తలుపు తట్టారు. అనంతపురం జిల్లాలో ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి, రిటైరయ్యాక కొడుకు దగ్గరికి బెంగళూరు వచ్చేసిన మనిషి. కొత్తిమీర కట్టకు కూడా డైరీలో పద్దు రాసుకుంటారు.

"సైన్యానికి వెయ్యి రూపాయలు పంపిస్తుంటే రెండుసార్లూ వెనక్కి వచ్చేసింది నాయనా. నా ఫోన్‌లో ఏమన్నా తేడానా?" అన్నారు.

ఫోన్‌లో తేడా లేదు. తేడా మెసేజ్‌లో ఉంది. ఆ వారం మా అపార్ట్‌మెంట్ గ్రూపులో, ఆయన పాత స్టాఫ్ గ్రూపులో, మా ఊరి బంధువుల గ్రూపులో కూడా అదే తిరిగింది. ఓ సినిమా హీరో ఇచ్చిన సలహా మీద కేంద్ర మంత్రివర్గం కెనరా బ్యాంకులో ఖాతా తెరిచిందట. సైన్యం ఆధునికీకరణకూ, గాయపడిన, వీరమరణం పొందిన జవాన్లకూ ఆ డబ్బు వెళ్తుందట. రోజుకొక్క రూపాయి చాలట. 130 కోట్ల జనాభాలో 70 శాతం మంది రూపాయి చొప్పున వేస్తే రోజుకు 100 కోట్లు, నెలకు 3,000 కోట్లు, ఏడాదికి 36,000 కోట్లు. పాకిస్తాన్ రక్షణ బడ్జెట్ కూడా అంత ఉండదని చివర్లో ఒక పోటు.

"లెక్క చూశాను నాయనా. నూట ముప్పైలో డెబ్భై శాతం అంటే తొంభై ఒకటే అవుతుంది, వాడు వంద అని రాశాడు. ఆ ఒక్కటీ తప్పితే మిగతాది సరిపోయింది. అందుకే నమ్మాను" అన్నారు పెద్దాయన.

ఏప్రిల్ 27న రక్షణ శాఖ ఈ మెసేజ్‌ను ఖండించింది. మంత్రివర్గం అలాంటి నిర్ణయమేదీ తీసుకోలేదు. మెసేజ్‌లోని ఖాతా నంబరు తప్పు, అందుకే ఆన్‌లైన్‌లో పంపిన డబ్బు చెల్లక తిరిగొస్తోంది. కానీ సైనికుల కుటుంబాల కోసం నిధి ఒకటి నిజంగానే ఉంది. దాని పేరు ఆర్మ్‌డ్ ఫోర్సెస్ బ్యాటిల్ క్యాజువాల్టీస్ వెల్ఫేర్ ఫండ్. పోరులో చనిపోయిన, తీవ్రంగా గాయపడిన సైనికుల కుటుంబాలకు వెంటనే సాయం అందించడానికి 2020లో ఏర్పాటైంది. తుపాకులూ ట్యాంకులూ కొనడానికి కాదు.

ఇక్కడే ఆగి చూడాలి. పచ్చి అబద్ధాన్ని మనం తొందరగా పట్టేస్తాం. మనల్ని పడగొట్టేది ముప్పావు నిజం. ఈ మెసేజ్ పుట్టుక వెనక ఒక నిజమైన దుఃఖం ఉంది. 2016 ఫిబ్రవరిలో సియాచిన్‌లో మంచుచరియ విరుచుకుపడి పదిమంది సైనికులు కూరుకుపోయారు. వారిలో ధార్వాడ జిల్లా బెటదూరు వాసి లాన్స్ నాయక్ హనుమంతప్ప ఆరు రోజుల తర్వాత ప్రాణాలతో దొరికి, ఢిల్లీ ఆస్పత్రిలో కన్నుమూశారు. కర్ణాటక అంతా ఆ రోజులు మరిచిపోలేదు. సాయం చేస్తామంటూ జనం ముందుకు రావడంతో సైన్యం కోసం సిండికేట్ బ్యాంకులో ఒక ఖాతా తెరిచారు. దానికి ఎవరో మంత్రివర్గ నిర్ణయాన్ని, హీరోని, ఆయుధాలను, పాకిస్తాన్ బడ్జెట్‌నూ కలిపి వదిలారు. 2020 ఏప్రిల్ 1న సిండికేట్ బ్యాంకు కెనరాలో కలిసిపోయింది. మెసేజ్ కూడా తన బ్యాంకు పేరు మార్చుకుని, ఏళ్ల తర్వాత పహల్గాం నెత్తుటి వాసన పట్టి మళ్లీ లేచింది. కెనరా బ్యాంకు ప్రధాన కార్యాలయం మన బెంగళూరు జేసీ రోడ్డులోనే ఉంది కాబట్టి ఇక్కడి గ్రూపుల్లో అది మరీ సొంత మనిషిలా అనిపించింది.

పెద్దాయన డబ్బు నంబరు తప్పు కాబట్టి తిరిగొచ్చింది. అదే నంబరు ఎవడో దొంగది అయితే? ఆ వెయ్యి పోయేది. వెయ్యి రూపాయలకు పోలీసు స్టేషన్ మెట్లెక్కేవాళ్లు ఎందరు? దొంగ లెక్క అదే. ఒకరి దగ్గర లక్ష లాగితే కేసవుతుంది. వెయ్యి మంది దగ్గర వంద చొప్పున లాగితే ఎవరూ నోరెత్తరు. ఇల్లు కాలి ఒకడేడుస్తుంటే చుట్టకు నిప్పడిగాడట వెనకటికొకడు. వీడు ఆ నిప్పుతోనే వ్యాపారం పెట్టుకున్నాడు.

మన పెద్దవాళ్లు హీరో పేరు చూసి ఎందుకు మెత్తబడతారో నాకు అర్థమవుతుంది. 1977 నవంబర్ 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తినప్పుడు ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, తోటి నటులు ఊరూరా తిరిగి జోలె పట్టి విరాళాలు పోగు చేశారు. అంతకు చాలా ముందే, 1952 రాయలసీమ కరువులో కూడా ఎన్టీఆర్ అలా తిరిగారు. మా పెద్దాయన తరం ఆ జోలెలో చిల్లర వేసిన తరం. అప్పుడు మనిషి ఎదురుగా నిలబడ్డాడు. జోలె కనిపించింది, అందులో పడ్డ నోటు కనిపించింది, చుట్టూ ఉన్న వందమంది సాక్షులు. ఇప్పుడు మనిషి రాలేదు, పేరొక్కటే వచ్చింది. పేరుకు జోలె ఉండదు.

ఇక ముందు ముందు మనిషి ముఖం కూడా వస్తుంది, గొంతు కూడా వస్తుంది. 2023 ఫిబ్రవరిలో తుర్కియే భూకంపం తర్వాత, శిథిలాల మధ్య ఒక పసివాణ్ణి హత్తుకున్న అగ్నిమాపక ఉద్యోగి బొమ్మ ఒకటి విరాళాల అభ్యర్థనలతో ప్రపంచమంతా తిరిగింది. జాగ్రత్తగా చూస్తే ఆయన చేతికి ఆరు వేళ్లు. కంప్యూటర్ గీసిన బొమ్మ అది. ఇప్పటి బొమ్మలకు వేళ్లు ఐదే ఉంటున్నాయి. కాబట్టి బొమ్మను చూసి నిజం తేల్చుకునే విద్య నేర్చుకోమని నేను చెప్పను. అందులో గెలవలేం.

నేను చెప్పేది వేరు. మెసేజ్ నిజమా కాదా అని తేల్చే పనే పెట్టుకోవద్దు. దాన్ని వార్తగా మాత్రమే చదవండి. ఇవ్వాలనిపిస్తే ఫోన్ పక్కన పెట్టి, మీకు ముందే తెలిసిన నిధి దగ్గరికి మీ అంతట మీరు వెళ్లండి. దొంగ మీ దగ్గరికి వచ్చేవాడు, నిధి మీరు వెళ్లే చోటు. క్షేత్రమెరిగి విత్తనం, పాత్రమెరిగి దానం అన్న మాటను ఈ కాలానికి అన్వయిస్తే అర్థం ఇంతే: లింకు మీద నొక్కి ఇవ్వకండి, చిరునామా వెతుక్కుని వెళ్లి ఇవ్వండి.

ఎందుకంత పట్టుబడుతున్నానో కోవిడ్ నాటి ఉదంతం చెబుతుంది. 2020 మార్చి 28న ప్రధాని పీఎం కేర్స్ నిధిని ప్రకటించారు. దాని యూపీఐ ఐడీ 'పీఎంకేర్స్', తర్వాత ఎట్ గుర్తు, ఆపైన స్టేట్ బ్యాంకు పేరు. ప్రకటన వెలువడగానే 'పీఎంకేర్' అని, చివర ఒక్క 'ఎస్' మాత్రం లేని ఐడీ పుట్టుకొచ్చింది. ఢిల్లీ పోలీసులు, స్టేట్ బ్యాంకు కలిసి దాన్ని మూయించారు. అసలు పేరే ఉంచి ఎట్ గుర్తు తర్వాత వేరే బ్యాంకుల పేర్లు తగిలించినవి మరికొన్ని బయటపడ్డాయి. పంపినవాళ్లు అజ్ఞానులేం కాదు. లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని, దేశానికి ఏదో చేయాలని తహతహలాడినవాళ్లు.

యూపీఐ ఐడీ అంటే మనం పెట్టుకున్న పేరు, అంతే. బండి వెనక 'కలెక్టర్' అని రాసుకున్నంత మాత్రాన నడిపేవాడు కలెక్టర్ అయిపోడు. చూడాల్సింది ఐడీని కాదు, అది నమోదైన ఖాతాదారు పేరును. 2025 జూన్ 30 నుంచి యూపీఐ యాప్‌లు డబ్బు పంపే ముందు బ్యాంకు రికార్డుల్లో ఉన్న పేరునే చూపాలని యూపీఐని నడిపే సంస్థ ఎన్‌పీసీఐ నిబంధన పెట్టింది. మనం ఫోన్‌లో సేవ్ చేసుకున్న పేరో, వాడు తగిలించుకున్న పేరో కాదు. నెఫ్ట్‌లో పంపేవాళ్లకు కూడా ఖాతాదారు పేరు ముందుగా సరిచూసుకునే సదుపాయం 2025 ఏప్రిల్ నుంచి బ్యాంకులు ఇవ్వాలి. పిన్ కొట్టే ముందు ఆ పేరు దగ్గర ఒక్క క్షణం కన్ను ఆపండి. సహాయనిధి అని చెప్పి అక్కడ ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే వెనక్కి వచ్చేయండి. 'మా కోశాధికారి సొంత ఖాతా అండీ, సంఘం ఖాతా ఇంకా తెరవలేదు' అంటారు. నిజమే కావచ్చు. తెరిచాక ఇస్తానని చెప్పండి.

క్యూఆర్ కోడ్ ఇంకా చిక్కు. ఐడీలో ఒక అక్షరం తక్కువైతే కంటికి తెలిసే అవకాశమైనా ఉంది. క్యూఆర్‌ను చదవగల కన్ను మనిషికి లేదు. 2024 జూలై 30న వయనాడ్‌లో కొండచరియలు విరిగిపడ్డాక కేరళ ముఖ్యమంత్రి సహాయనిధికి పెట్టిన క్యూఆర్ కోడ్‌ను దుర్వినియోగం అవుతుందన్న భయంతో ఆ ప్రభుత్వమే ఉపసంహరించుకుంది. రాష్ట్ర ప్రభుత్వమే తన క్యూఆర్‌కు భయపడిందంటే, మన వీధి చివర కరపత్రం మీది క్యూఆర్ సంగతి చెప్పాలా? అయోధ్య ఆలయ ప్రారంభానికి ముందు కూడా నకిలీ క్యూఆర్‌లతో విరాళాలు గుంజుతున్నారని విశ్వహిందూ పరిషత్ హెచ్చరించింది. తిరుమల పేరు మీద దొంగ వెబ్‌సైట్ల గురించి టీటీడీ ఎన్నిసార్లు ప్రకటన ఇచ్చిందో తెలుగువాళ్లకు నేను చెప్పక్కర్లేదు.

వెబ్‌సైట్ చిరునామా చదవడం మాత్రం నేర్చుకోవాలి, అది కష్టం కాదు. పోస్టు కవరు మీద ముందు ఇంటి నంబరు, తర్వాత వీధి, చివర ఊరు, జిల్లా ఉంటాయి. ఉత్తరం ఏ ఊరికి పోతుందో తేల్చేది చివరి వరుస. వెబ్ చిరునామా కూడా అంతే. మొదట్లో ఉండే 'https://' వదిలేసి, ఆ తర్వాత వచ్చే మొదటి గీత ముందున్న భాగాన్ని వెనక నుంచి చదవాలి. అది 'డాట్ గవ్ డాట్ ఇన్' అని ముగిస్తే ప్రభుత్వానిది, ఎందుకంటే ఆ ముగింపును ప్రభుత్వ సంస్థలకు తప్ప ఇతరులకు ఇవ్వరు. 'గవ్' అన్న మాట ముందో మధ్యలోనో ఉండి చివర 'డాట్ కామ్', 'డాట్ ఆర్గ్' ఉంటే, కవరు మీద వీధి పేరు 'విధానసౌధ' అని రాసినట్టే. ఊరు వేరు. బ్యాంకులకు కూడా ఇప్పుడు 'డాట్ బ్యాంక్ డాట్ ఇన్' అనే ప్రత్యేక ముగింపును రిజర్వ్ బ్యాంకు తప్పనిసరి చేసింది.

ప్రభుత్వ నిధుల్లో 1948 జనవరిలో, దేశవిభజన శరణార్థుల కోసం నెహ్రూ పిలుపుతో పుట్టిన ప్రధానమంత్రి జాతీయ సహాయనిధి ఉంది. ముఖ్యమంత్రుల సహాయనిధులున్నాయి. పారామిలిటరీ జవాన్ల కుటుంబాలకు 2017లో హోం శాఖ మొదలుపెట్టిన భారత్ కే వీర్ ఉంది. అందులో ఒక్కో అమరుడి ఖాతాకు 15 లక్షల పరిమితి పెట్టారు, ఒకరికి కోట్లూ మరొకరికి సున్నా రాకుండా. బాగా ఆలోచించిన ఏర్పాటు అది. ఒక మాట ఒప్పుకోవాలి: చిరునామా అసలైనది కావడం వేరు, లెక్క చెప్పడం వేరు. పీఎం కేర్స్ సమాచార హక్కు కిందికి వస్తుందా రాదా అన్న వాదన ఢిల్లీ హైకోర్టుకెక్కింది. రాదన్నదే ప్రధాని కార్యాలయం వాదన. ఇది మోసం కాదు, కానీ దాత అడగదగిన ప్రశ్నే.

స్వచ్ఛంద సంస్థలకు ఇచ్చేవాళ్లు 80జి గురించి అడగడం పన్ను మినహాయింపు కోసమే అనుకుంటారు. పాత పద్ధతిలో పన్ను కట్టేవాళ్లకే ఆ లాభం. కానీ అందరికీ పనికొచ్చే సంగతి ఇంకొకటి ఉంది. ఆ నమోదున్న సంస్థ తనకు విరాళమిచ్చిన వారి వివరాలు ఆదాయపు పన్ను శాఖకు పంపి, దాతకు 10బీఈ అనే ధ్రువపత్రం ఇవ్వాలి. అంటే మీ ఐదొందలు ప్రభుత్వ రికార్డులోకెక్కుతాయి. '10బీఈ ఇస్తారా అండీ?' అని ఒక్క ప్రశ్న వేసి చూడండి. నిజమైన సంస్థ పాన్ నంబరు అడుగుతుంది. దొంగ 'అదంతా తర్వాత సార్, అక్కడ పిల్లలు ఆకలితో ఉన్నారు' అంటాడు. నగదు రెండు వేలు దాటితే మినహాయింపు రాదు కాబట్టి, పెద్ద మొత్తం నగదే కావాలని పట్టుబట్టేవాడి దగ్గర మరీ జాగ్రత్త. మారతహళ్లి వంతెన కింద డబ్బా పట్టుకుని సిగ్నల్ దగ్గరికొచ్చే కుర్రాళ్లలో మంచివాళ్లు లేరనను. ఎర్రలైటు పచ్చగా మారేలోపు తేల్చుకునే వీలు లేదంతే.

విదేశాల్లోని మనవాళ్లకు రెండు మాటలు. అమెరికాలో తెలుగు విద్యార్థి ప్రమాదంలో పోతే, భౌతికకాయం ఇంటికి చేర్చడానికి గోఫండ్‌మీ పేజీ గంటల్లో లేస్తుంది. వాటిలో చాలావరకు స్నేహితులు కన్నీళ్లతో పెట్టినవే. కానీ అదే ఫొటోతో రెండో పేజీ, మూడో పేజీ కూడా లేవొచ్చు. పెట్టినదెవరు, డబ్బు అందుకునేదెవరు, కుటుంబానికి వారేమవుతారు అన్నది పేజీలో రాసి ఉందా చూడండి. అక్కడి తెలుగు సంఘం వాళ్లకు ఒక ఫోన్ చేస్తే తెలిసిపోతుంది. ఇక ఇక్కడి సంస్థలకు పంపేటప్పుడు, భారత పౌరసత్వం ఉన్న ప్రవాసులు తమ సొంత సంపాదన మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. విదేశీ పౌరసత్వం తీసుకున్నవారిది వస్తుంది. అది తీసుకోవాలంటే సంస్థకు విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో ప్రత్యేక ఖాతా ఉండాలి. ఏ ఖాతాకైనా పర్లేదు పంపండి అనే సంస్థకు చట్టమైనా తెలియదు, లేదా తెలిసే అంటోంది.

మోసం ఇచ్చేవారి వైపే జరుగుతుందనుకోకండి. 2023 జూన్ 2న బాలాసోర్ దగ్గర కోరమాండల్ ఎక్స్‌ప్రెస్, మన బెంగళూరు నుంచి హౌరా వెళ్తున్న రైలు, గూడ్సు బండి ప్రమాదంలో చిక్కుకున్నాయి. 290 మందికి పైగా పోయారు. పరిహారం ప్రకటించగానే ఒడిశాలో ఒకామె తన భర్త చనిపోయాడంటూ ఒక శవాన్ని గుర్తుపట్టింది. బతికున్న ఆ భర్తే వెళ్లి పోలీసులకు ఫిర్యాదు చేశాడు. ఇంతకన్నా క్రూరమైనది ఇంకోటి: నిజంగా నష్టపోయిన కుటుంబానికే ఫోన్ చేసి 'మీకు పరిహారం మంజూరైంది, ఓటీపీ చెప్పండి' అనేవాళ్లు. డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు, ఓటీపీ అక్కర్లేదు, ముందస్తు ఫీజు అసలే అక్కర్లేదు. బాధిత కుటుంబం మీకు తెలిసినదైతే, పరామర్శకు వెళ్లినప్పుడు ఈ మాట చెవిన వేసి రండి.

ఇన్ని జాగ్రత్తలూ తొందర లేకపోతే సులువే. తొందర ఎవరికి లాభం? వయనాడ్ బాధితుల కొత్త కాలనీకి కల్పెట్టలో శంకుస్థాపన జరిగింది 2025 మార్చిలో, విపత్తు జరిగిన ఎనిమిది నెలలకు. ఇళ్లు కట్టడానికి, పిల్లల చదువులకు డబ్బు అవసరమయ్యేది టీవీలు ఆ ఊరిని మరిచిపోయాకే. మీరు వారం ఆగి ఇచ్చినా ఆలస్యం కాదు. 'ఈ రాత్రికే' అని ఒత్తిడి పెట్టేది దొంగ ఒక్కడే, ఎందుకంటే రేపటికి వాడి ఖాతా మూతపడొచ్చు. బట్టలు, బియ్యం పంపేవాళ్లు కూడా అక్కడివాళ్లను అడిగి పంపండి. 2004 సునామీ తర్వాత నాగపట్నం తీరంలో పాతబట్టలు రోడ్ల పక్కన గుట్టలు పడ్డాయి.

అయినా పోతే? వెంటనే 1930కి ఫోన్ చేయాలి, లేదా కేంద్ర హోం శాఖ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టాలి. పోయిన డబ్బు నిమిషాల్లో అద్దె ఖాతాల మీదుగా చేతులు మారుతుంది. మధ్యలో ఎక్కడైనా ఆపగలిగేది ఆ కొద్ది గంటల్లోనే. యూపీఐ లావాదేవీకి పన్నెండంకెల యూటీఆర్ నంబరు ఉంటుంది, అది దగ్గర పెట్టుకోండి. మెసేజ్ చెరిపేయకండి. బ్యాంకుకూ చెప్పండి. బెంగళూరులో సైబర్ నేరాలకు ప్రత్యేక ఠాణాలు ఉన్నాయి. మూడు రోజుల్లో చెబితే నష్టం బ్యాంకు భరిస్తుందని ఒక మాట ప్రచారంలో ఉంది. అది మీ ప్రమేయం లేకుండా, మీ బ్యాంకు తప్పూ మీ తప్పూ కాకుండా జరిగిన మోసాలకు రిజర్వ్ బ్యాంకు 2017లో చెప్పిన మాట. పిన్ మీరే కొట్టి పంపిన డబ్బుకు దాని మీద ఆశ పెట్టుకోవద్దు. పోయింది వంద రూపాయలే అయినా ఫిర్యాదు చేయండి. మీలాంటి యాభై మంది అదే ఖాతా మీద చెబితేనే అది ఎవరిదో పోలీసులకు తెలుస్తుంది.

మా పెద్దాయనకు ఇంత ఉపన్యాసం ఇవ్వలేదు లెండి. రక్షణ శాఖ ప్రకటన చూపించి, అసలు నిధి పేరు కాగితం మీద రాసిచ్చాను. మర్నాడు ఆయన బ్యాంకు శాఖకు నడిచి వెళ్లి, అక్కడి అమ్మాయి చేత ఖాతాదారు పేరు పైకి చదివించుకుని, వెయ్యి రూపాయలు పంపించి వచ్చారు. డైరీలో పద్దు రాసుకున్నారు. సాయంత్రం ఇరవై ఏడు మంది ఉన్న తన స్టాఫ్ గ్రూపులో, 'నేను మొన్న పంపిన మెసేజ్ తప్పు, ఆ నంబరుకు ఎవరూ డబ్బు వేయకండి, క్షమించండి' అని పెట్టారు. మొన్నటి మెసేజ్‌ను అందులో పద్నాలుగు మంది ముందుకు పంపారట. దీన్ని ఒక్కరూ పంపలేదు.